పౌరుషం ఎవరిది, పొగరు ఎవరిది? – హాలీవుడ్ ధైర్యాన్ని పల్లె నుంచి చూస్తే

ఒకే పనికి తెలుగులో రెండు పేర్లున్నాయి. ఊళ్లో ఆసామి కొడుకు ఎదురు తిరిగితే పౌరుషం. పల్లెలో కూలోడి కొడుకు ఎదురు తిరిగితే పొగరు. ఆసామి తగ్గితే పెద్దరికం, కూలోడు తగ్గితే పిరికితనం. ఆయన మాట మీద నిలబడితే నియమం, వీడు నిలబడితే మొండితనం. ఈ నిఘంటువు ఎవరు రాశారో మనకు తెలుసు. అయినా సాహిత్యంలోగానీ సినిమాలోగానీ 'ధైర్యం' దగ్గరికి వచ్చేసరికి మన విమర్శకులు దానికి కులం లేనట్టే మాట్లాడతారు. అది కొందరి గుండెల్లో పుట్టుకతోనే ఉండి, కొందరి గుండెల్లో లేకుండాపోయే వస్తువన్నట్టే రాస్తారు.

మేం విశ్వవిద్యాలయంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం 'హై నూన్' సినిమా వేశారు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిమి మేమే. ఇంగ్లిషు సంభాషణల్లో సగం అర్థమయ్యేవి, సగం బొమ్మను బట్టి పోల్చుకునేవాళ్లం. కౌబాయ్ అంటే అప్పటిదాకా మాకు 'మోసగాళ్లకు మోసగాడు' (1971)లో కృష్ణే. ఆ కథ మా నాయన నోటితో విన్నదే తప్ప మేం చూసింది తక్కువ. సినిమా అయ్యాక చర్చ పెట్టారు. ఒక మిత్రుడు లేచి, ఊరంతా తలుపులేసుకుంటే ఒక్కడే నిలబడ్డాడు చూడండి, ధైర్యమంటే అదీ అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మా వైపు తిరిగి, మీ పల్లెల్లో కేసులు ఎందుకు నిలబడవో దీన్ని చూస్తే తెలుస్తుంది, మీ సాక్షులకు గుండె లేదు, కోర్టు మెట్లెక్కగానే మాట మారుస్తారు అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. మా హాస్టల్ సమ్మెకు మద్దతుగా వచ్చినవాడే. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. ఆ రోజు మేం జవాబు చెప్పలేకపోయాం. ఇన్నేళ్లకు చెబుతున్నాం.

యుద్ధం, వెస్టర్న్, నేరం, ఈ మూడు రకాల అమెరికన్ సినిమాలకూ ధైర్యమే ముడిసరుకు. మూడింట్లోనూ ఒక ఘట్టం తప్పకుండా ఉంటుంది: ఒక మనిషి రెండు దారుల మధ్య నిలబడి ఒకటి ఎంచుకోవడం. ఆ ఎంపికను చూసి మనం చప్పట్లు కొడతాం. మేం మాత్రం చప్పట్లకు ముందు మూడు ప్రశ్నలు అడగాలంటున్నాం. ఎంచుకునే వీలు ఎవరికుంది? దాని వెల ఎవరు కట్టారు? దానికి పేరు ఎవరు పెట్టారు? ఐదు సినిమాలను ఈ మూడు ప్రశ్నలతో చదివి చూద్దాం.

ఊరంతా పిరికిదేనా?

'హై నూన్' (1952) ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన సినిమా. హాడ్లీవిల్ అనే ఊళ్లో విల్ కేన్ మార్షల్. అంటే చట్టాన్ని కాపాడేవాడు. ఆ పూటే పెళ్లయింది, ఉద్యోగం వదిలి భార్య ఏమీతో వెళ్లిపోవాలి. ఇంతలో అతను జైలుకు పంపిన ఫ్రాంక్ మిల్లర్ క్షమాభిక్ష దొరికి మధ్యాహ్నం రైలుకు వస్తున్నాడని కబురు. స్టేషన్లో ముగ్గురు అనుచరులు కాచుకుని ఉంటారు. కేన్ బండెక్కి కొంత దూరం పోయి వెనక్కి వస్తాడు. సాయం కోసం ఇల్లిల్లూ తిరుగుతాడు. అతనికి శిక్ష వేసిన జడ్జి చట్టం పుస్తకాలు, త్రాసు, జెండా సర్దుకుని గుర్రమెక్కి పోతాడు. డిప్యూటీ తనకు మార్షల్ ఉద్యోగం ఇప్పించలేదని అలిగి బిళ్ల తీసి పడేస్తాడు. చర్చిలో పెద్దలు వాదించి వాదించి చివరికి నువ్వే ఊరొదిలిపో అంటారు. కేన్ పోరాడి గెలిచి, తన బిళ్లను దుమ్ములో పడేసి పోతాడు.

ఈ కథకు బయట ఇంకో కథ ఉంది. స్క్రిప్టు రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ను 1951లో అమెరికా కాంగ్రెస్ కమిటీ పిలిచి, కమ్యూనిస్టు మిత్రుల పేర్లు చెప్పమంది. ఆయన చెప్పలేదు. హాలీవుడ్ నల్లజాబితాలోకెక్కి ఇంగ్లండు పోవాల్సి వచ్చింది. తలుపులేసుకున్న హాడ్లీవిల్ ఆయనకు హాలీవుడ్డే. అందువల్ల ఈ సినిమాను మేం గౌరవిస్తాం. గౌరవిస్తూనే, అందరూ చెప్పే 'ఎవరూ రాలేదు' అనే మాట నిజం కాదని చెప్పదలుచుకున్నాం.

వచ్చినవాళ్లున్నారు. ఒంటికన్ను తాగుబోతు జిమ్మీ వచ్చి నేనుంటాను, తుపాకి ఇవ్వమంటాడు. తాగడానికి కాస్త డబ్బిచ్చి కేన్ అతన్ని పంపేస్తాడు. పద్నాలుగేళ్ల కుర్రాడు వచ్చి నేనూ కాలుస్తానంటాడు. వాణ్నీ పంపేస్తాడు. కేన్‌ది దయే కావచ్చు. మా అభ్యంతరం లెక్క మీద. లెక్కలోకి రానివాళ్ల ధైర్యం ధైర్యంగా నమోదు కాలేదు. పెద్దమనుషులు రాకపోతే ఊరే రానట్టు.

ఇంకొక మనిషి హెలెన్ రమిరెజ్. మెక్సికన్ స్త్రీ. కేటీ జురాడో వేసిన పాత్ర. ఆమె ఒకప్పుడు మిల్లర్‌తోనూ, తర్వాత కేన్‌తోనూ ఉన్నది. ఊళ్లో వ్యాపారం పెట్టుకుని నిలదొక్కుకుంది. మిల్లర్ వస్తున్నాడని తెలియగానే దుకాణం అమ్మి అదే మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోతుంది. ఇలాంటి ఊళ్లో మెక్సికన్ ఆడదానిగా బతకడం ఎట్లాంటిదో ఒక్క ముక్కలో ఏమీతో అంటుంది. కేన్ నిలబడితే ఊరు గెలుస్తుంది. మరి హెలెన్ నిలబడి ఉంటే ఆమెకు ఆ ఊళ్లో దక్కేదేమిటి? చర్చిలో వాదించిన పెద్దలు ఆమెకోసం ఒక్క మాట అన్నారా? మాదికాని ఊరికోసం మేం చావనక్కర్లేదని తెలుసుకోవడానికి కూడా గుండె కావాలి. మా పల్లెల్లో దాడులయ్యాక మూటాముల్లె సర్దుకుని వలసపోయిన ఆడవాళ్లను 'పారిపోయినవాళ్లు' అని రాసిన పత్రికలను చూసినప్పుడల్లా మాకు హెలెన్ రైలెక్కడమే గుర్తొస్తుంది.

కేన్‌కు వెళ్లే వీలుంది, ఉండే వీలూ ఉంది. రెండు దారులూ తెరిచి ఉన్నవాడి ఎంపికే మనకు 'నైతిక ఎంపిక'గా కనబడుతోంది. ఒక దారి ముందే మూసేసిన మనిషి చేసే ఎంపికకు ఇంకా పేరు పెట్టలేదు.

చేతులు మారిన చొక్కా

ఎలియా కజాన్ 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' (1954) నేర ప్రపంచపు సినిమా. ఓడరేవు కూలీల యూనియన్‌ను జానీ ఫ్రెండ్లీ అనే రౌడీ గుప్పిట్లో పెట్టుకుంటాడు. పొద్దున్నే పని కావాలంటే వాడి మనిషి విసిరే బిళ్లల కోసం కూలీలు ఒకరి మీద ఒకరు పడాలి. అడ్డా మీద నిలబడిన వాళ్లెవరికైనా ఆ దృశ్యం విడమరచి చెప్పనక్కర్లేదు. అక్కడ ఒక నియమం ఉంది: చూసింది చూళ్లేదనాలి, విన్నది విన్లేదనాలి. మాజీ బాక్సర్ టెరీ మలాయ్, అంటే మార్లన్ బ్రాండో, ఆ నియమం మీరి విచారణ సంఘం ముందు సాక్ష్యం చెబుతాడు.

ఈ సినిమాకూ బయట కథ ఉంది, అది 'హై నూన్' కథకు తలకిందులు. కజాన్ 1952 ఏప్రిల్‌లో అదే కాంగ్రెస్ కమిటీ ముందు తన పాత మిత్రుల పేర్లు చెప్పాడు. స్క్రిప్టు రాసిన బడ్ షుల్‌బర్గ్ కూడా పేర్లు చెప్పినవాడే. 1999లో కజాన్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు సభలో కొందరు చప్పట్లు కొట్టకుండా కూర్చున్నారు. అంటే రెండేళ్ల తేడాలో వచ్చిన రెండు సినిమాల్లో ఒకదానికి పేర్లు చెప్పకపోవడం ధైర్యం, ఇంకోదానికి చెప్పడం ధైర్యం. దీన్ని పట్టుకుని నీతి అనేదే లేదు, అంతా చూసేవాడి కంటిలోనే ఉందని తేల్చేసేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. కొలవడానికి ఒక కొలత ఉంది. నీ మాట ఎవరి మీద పడుతోంది? టెరీ తనకన్నా బలవంతుడి మీద సాక్ష్యం చెప్పాడు. కజాన్ ప్రభుత్వం ముందు నిలబడి, ఆ ప్రభుత్వానికి ఎదురు నిలవలేని మనుషుల పేర్లు చెప్పాడు. సినిమా ఈ రెండింటినీ ఒకటి చేయాలని చూస్తుంది. కావు.

అయితే ఈ సినిమాలో కజాన్ ఉద్దేశానికి మించిన ఒక వస్తువుంది. మొదట సాక్ష్యానికి సిద్ధపడింది టెరీ కాదు, జోయీ డాయల్. అతన్ని మేడ మీంచి తోసేస్తారు. తర్వాత నోరు విప్పింది డుగన్ అనే కూలీ. ఓడలో సరుకు పెట్టెలు మీద పడేట్టు చేసి చంపుతారు. టెరీ మూడోవాడు. జోయీ తొడుక్కున్న జాకెట్టు అతను చనిపోయాక డుగన్‌కు వస్తుంది. డుగన్ పోయాక నల్లజాతి కూలీ ఒకతను దాన్ని తెచ్చి జోయీ చెల్లెలికిస్తాడు. ఆమె దాన్ని టెరీకి ఇస్తుంది. మేం ఈ సినిమాను రెండోసారి చూసినప్పుడు టెరీని వదిలేసి ఆ జాకెట్టునే చూశాం. ధైర్యం గుండెలో పుట్టేది కాదు, చచ్చినవాడి ఒంటి మీంచి బతికినవాడి ఒంటి మీదికి వచ్చేదని అది చెబుతుంది. ఇచ్చేవాళ్లుండాలి. అందుకోవడానికి పక్కన మనుషులుండాలి.

మా మిత్రుడికి ఇవ్వాల్సిన జవాబులో మొదటి సగం ఇక్కడుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊరి జనం తమ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. సాక్షులు అక్కడే, తమను చంపజూసిన వాళ్లు తిరిగే ఊళ్లోనే నిలబడి చెప్పారు. పదహారేళ్లు ఆగితే 2007 జులై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. ఈ లెక్కలో గుండె లేనిది ఎవరికి? టెరీ సాక్ష్యం సినిమాలో కొద్ది నిమిషాలు. అది అయ్యాక అతను రేవుకు పోయి దెబ్బలు తిని, లేచి నడిస్తే కూలీలంతా వెనక నడుస్తారు. చుండూరు సాక్షులది పదహారేళ్ల నడక. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో బాధితుల, సాక్షుల హక్కులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టారు. రక్షణ, ప్రయాణ ఖర్చు, కూటికి బత్తెం ఇవ్వాలన్నారు. అంటే సాక్షి ధైర్యానికి తిండి, బండి, కాపలా కావాలని చట్టమే ఒప్పుకుంది. ఒప్పుకోనిది మన సాహిత్య విమర్శ.

పిరికితనం అనే ముద్ర

ధైర్యానికి పేరు పెట్టేవాళ్లే పిరికితనానికీ పెడతారు. దీన్ని స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' (1957) చెప్పినంత సూటిగా చెప్పిన యుద్ధ చిత్రం మేం చూడలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం, ఫ్రెంచి సైన్యం. జనరల్ మిరో పదోన్నతి ఆశపడి, పట్టుకోవడం సాధ్యం కాని ఒక గుట్ట మీదికి దాడికి ఆజ్ఞ ఇస్తాడు. సైనికులు చచ్చినంత మంది చచ్చి, కొందరు కందకాల్లోంచి బయటికే రాలేకపోతారు. జనరల్ ఆగ్రహించి సొంత కందకాల మీదే ఫిరంగులు పేల్చమంటాడు. అక్కడ కెప్టెన్ రూసో, చాలా చిన్న పాత్ర, ఒక పని చేస్తాడు. కాగితం మీద రాసి సంతకం చేసిస్తేనే పేలుస్తానంటాడు. ఎదురు తిరగలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. రాతపూర్వకంగా కావాలన్నాడు. జనరల్ రాసివ్వడు. వందల ప్రాణాలు నిలుస్తాయి. ఆఫీసుల్లో కింది మెట్టు మీద పనిచేసే మనవాళ్లెందరికో ఈ ధైర్యం తెలుసు. నోటిమాటతో తప్పు చేయించి, తర్వాత తప్పంతా కిందివాడి మీదికి తోసే అధికారుల దగ్గర 'రాసివ్వండి సార్' అనడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

దాడి విఫలమైంది కాబట్టి పిరికితనానికి శిక్ష పడాలి. మూడు కంపెనీల నుంచి తలా ఒక మనిషి. కార్పొరల్ పారిస్‌ను అతని లెఫ్టినెంటే ఎంచాడు. ఎందుకంటే ముందు రాత్రి ఆ లెఫ్టినెంటు బెదిరిపోయి సొంత సైనికుణ్ని చంపేయడం పారిస్ చూశాడు. ఆర్నోను చీటీలు తీసి ఎంచారు. అతను అంతకుముందు సాహసానికి పతకాలు పొందినవాడు, ఆ సంగతి విచారణలో లెక్కలోకి రాదంటారు. ఇక ఫెరోల్. అతను సంఘానికి పనికిరానివాడు కాబట్టి ఎంచారు.

ఈ మూడో కారణం దగ్గర మేం సినిమా ఆపి చాలాసేపు కూర్చున్నాం. అతను ఏం చేశాడన్నది కాదు, అతను ఎవరన్నదే నేరం. పిరికితనం ముందు నిర్ణయమైపోయింది, దానికి మనిషిని తర్వాత వెతికారు. ఎవరు పోయినా ఎవరూ అడగని మనిషిని. నేరం ముందుండి నేరస్తుణ్ని కులం చూసి వెతకడం మనకు కొత్త కాదు. బ్రిటిష్‌వాళ్లు 1871లో చట్టం చేసి జాతులకు జాతులనే నేరస్థ జాతులన్నారు. స్వాతంత్య్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయినా పోలీస్ స్టేషన్లలో ఆ చూపు రద్దు కాలేదు.

ఈ సినిమా ఊరికే ఊహించింది కాదు. 1915లో సువెయిన్ దగ్గర నలుగురు ఫ్రెంచి కార్పొరల్స్‌ను ఇట్లాగే కాల్చేశారు. వాళ్లు నిర్దోషులని తేల్చడానికి 1934 దాకా పట్టింది. ఆ తర్వాత ఏడాది హంఫ్రీ కాబ్ నవల వచ్చింది, దాన్నుంచే ఈ సినిమా. ఫ్రాన్సులో 1975 దాకా ఈ సినిమా ఆడలేదు.

మా విమర్శ ఒక్కటే. సినిమా తన ప్రేమనంతా కర్నల్ డాక్స్‌కు, అంటే కిర్క్ డగ్లస్‌కు ఇస్తుంది. అతను వకీలు, మంచివాడు, వాదిస్తాడు, ఓడతాడు, ఇవ్వజూపిన పదవిని కాలదన్నుతాడు. మంచి అధికారి బాధను మనం దగ్గరగా చూస్తాం. ఫెరోల్ ఏడుస్తూ కంభం దగ్గరికి నడుస్తాడు. అతనికి కథ లేదు, ఏడుపే ఉంది. సంఘానికి పనికిరాడని అన్న కాగితం పక్కన అతని జీవితం పెట్టి చూపే తీరిక సినిమాకు లేకపోయింది.

ఏడు డాలర్ల జీతం

కథ లేనివాళ్లకు కథ ఇస్తానని వచ్చింది ఎడ్వర్డ్ జ్విక్ 'గ్లోరీ' (1989). అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి దళం, 54వ మసాచుసెట్స్ రెజిమెంటు కథ. 1863 జులై 18న వాగ్నర్ కోట మీద వాళ్లు చేసిన దాడితో ముగుస్తుంది. డెంజెల్ వాషింగ్టన్‌కు ఆస్కార్ తెచ్చిన ట్రిప్ పాత్రను, కొరడా దెబ్బలు తింటూ ఒక్క కన్నీటి బొట్టు జారే ఆ ముఖాన్ని ఎవరూ మరిచిపోరు. మేమూ మరిచిపోలేదు.

కానీ చరిత్రతో పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికా సైన్యంలో కొరడా శిక్ష 1861లోనే రద్దయింది. ఆ దళంలో ఎక్కువమంది ఉత్తరాది స్వేచ్ఛా నల్లజాతీయులు; సినిమా మాత్రం ఎక్కువగా పారిపోయి వచ్చిన బానిసలనే చూపుతుంది. సినిమాలో ముఖ్యమైన నల్ల సైనికులంతా కల్పిత పాత్రలు, తెల్ల కర్నల్ షా మాత్రం చరిత్రలోని మనిషి. కథ అతని ఉత్తరాల్లోంచే నడుస్తుంది. ఫ్రెడరిక్ డగ్లస్ కొడుకులు ఇద్దరు ఆ దళంలో చేరారు. ఆ కోట దగ్గర జెండా నేలకు తాకకుండా మోసిన విలియం కార్నీ ఉన్నాడు. ఆ సాహసానికి అత్యున్నత పతకం అతని చేతికొచ్చింది 1900లో. సినిమాకు వీళ్ల పేర్లు అక్కరకు రాలేదు.

అన్నిటికన్నా పెద్దది జీతం సంగతి. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు. నల్ల సైనికుడికి 10, అందులో బట్టలకని 3 పట్టుకుంటే చేతికొచ్చేది 7. సినిమాలో ట్రిప్ జీతం చీటీ చించుతాడు, అందరూ చించుతారు, చివర్లో కర్నల్ షా తన చీటీ కూడా చించేసరికి దండంతా కేకలు వేస్తుంది. తెల్ల అధికారి చెయ్యి కలిపితే గానీ ఆ నిరసన నిండలేదన్నట్టు దృశ్యం ముగుస్తుంది. చరిత్రలో షా వాగ్నర్ కోట దగ్గరే చనిపోయాడు. ఆ సైనికులు ఆయన పోయాక కూడా నెలల తరబడి, ఇంటి దగ్గర పెళ్లాం బిడ్డలు పస్తులుంటుంటే, జీతం ముట్టుకోలేదు. తక్కువైన డబ్బు మేమిస్తామని మసాచుసెట్స్ రాష్ట్రం ముందుకొచ్చినా వద్దన్నారు. మాకు కావాల్సింది డబ్బు కాదు, సమానమని మీ చేత్తో రాసివ్వడమన్నది దాని అర్థం. 1864 జూన్‌లో కాంగ్రెస్ సమాన వేతనం ఒప్పుకుంది. ఈలోపు, దక్షిణ కరోలినా మూడో దళంలో సార్జెంట్ విలియం వాకర్ ఇదే కారణానికి తన మనుషులతో ఆయుధాలు దించేశాడు. తిరుగుబాటు నేరం కింద 1864 ఫిబ్రవరి 29న సొంత సైన్యమే అతన్ని కాల్చింది. కోట మీదికి పరుగెత్తినవాడికి పతకం, జీతం అడిగినవాడికి తూటా. రెండూ ఒకే మనుషుల ఒకే ఏడాది ధైర్యం.

ఈ కథ మనది కూడా. 1818 జనవరి 1న కోరేగావ్‌లో కంపెనీ పక్షాన పోరాడిన మహర్ల పేర్లు అక్కడి స్తంభం మీద ఉన్నాయి. అదే కంపెనీ వారసులు, ఇవి యుద్ధ జాతులు, ఇవి కావు అని సిద్ధాంతం చేసి, 1890ల్లో మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు. గుండెలు మారాయా? నమోదు పుస్తకం మారింది. 1927 జనవరి 1న అంబేద్కర్ ఆ స్తంభం దగ్గరికి వెళ్లడంలో ఉన్న అర్థం ఇదే. మా ధైర్యం మీరు మరిచిపోయినా రాయి మీద ఉందని చూపించడం. మహర్ రెజిమెంటు మళ్లీ 1941 దాకా రాలేదు.

చెంపదెబ్బ తర్వాత ఎవరు ఉంటారు?

చివరి సినిమా నార్మన్ జూయిసన్ 'ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్' (1967). హత్య, దర్యాప్తు. ఫిలడెల్ఫియాలో పనిచేసే నల్లజాతి పోలీసు అధికారి వర్జిల్ టిబ్స్ మిసిసిపీలోని ఒక చిన్న ఊళ్లో రైలు కోసం కూర్చుంటాడు. నల్లవాడి జేబులో డబ్బుంటే హంతకుడే అయ్యుండాలని పట్టుకుపోతారు. తర్వాత అతనే దర్యాప్తు చేస్తాడు. ఆ ఊరి పత్తి ఆసామి ఎండికాట్‌ను ప్రశ్నించడానికి పోతే, ప్రశ్నించడమే అవమానమై ఎండికాట్ చెంప మీద కొడతాడు. అరక్షణం ఆగకుండా టిబ్స్, అంటే సిడ్నీ పోయిటియర్, తిరిగి కొడతాడు.

హాస్టల్ గదిలో ఒక లాప్‌టాప్ చుట్టూ పదిమందిమి చేరి దీన్ని చూశాం. ఆ దెబ్బకు గది దద్దరిల్లింది. వెనక్కి తిప్పి మూడుసార్లు వేయించుకున్నాం. మాలో ప్రతి ఒక్కరికీ తిరిగి కొట్టలేకపోయిన ఒక చెంపదెబ్బ ఉంది. మా నాయనది ఒకటి మేం కళ్లారా చూశాం. గట్టు మీద సైకిల్ దిగలేదని కొట్టారు. ఆయన తల దించుకుని సైకిల్ నడిపించుకుంటూ ఇంటికొచ్చాడు. చాలా ఏళ్లు ఆయన్ని మేం లోలోపల పిరికివాడనుకున్నాం. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

నాలుగోసారి వేసినప్పుడు మాకు ఇంకో మనిషి కనిపించాడు. ఆ గదిలోనే నిమ్మరసం గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడిన నల్లజాతి నౌకరు. అతను రెండు దెబ్బలూ చూశాడు. టిబ్స్‌కు బిళ్ల ఉంది, పక్కన తెల్ల పోలీసు అధికారి ఉన్నాడు, అన్నిటినీ మించి ఫిలడెల్ఫియాకు రైలు ఉంది. ఆ నౌకరుకు రైలు లేదు. సాయంత్రం ఆ ఇంట్లోనే అన్నం వడ్డించాలి. టిబ్స్ దెబ్బ గొప్పదే. దాని వెల కట్టాల్సి వస్తే మాత్రం మొదట కట్టేది ఆ పళ్లెం పట్టుకున్న మనిషి. బయట కూడా ఇదే నిజం. దక్షిణాదిలో ప్రాణానికి పూచీ లేదని పోయిటియర్ ఇష్టపడకపోతే సినిమాలో ఎక్కువ భాగం ఉత్తరాన ఇల్లినాయిలో తీశారు. తెర మీద కొట్టిన మనిషికే ఆ నేల మీద నిద్రపట్టే పరిస్థితి లేదు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. ఆస్కార్ సభను రెండు రోజులు వాయిదా వేసి 10న జరిపితే, ఉత్తమ చిత్రం ఇదే. ఉత్తమ నటుడు తెల్ల పోలీసు అధికారి వేషం వేసిన రాడ్ స్టీగర్. పోయిటియర్‌ను పోటీకే నిలబెట్టలేదు.

ఆ రాత్రి మాకు మా నాయన వేరే రకంగా అర్థమయ్యాడు. ఆ దెబ్బ తిన్న మర్నాడు ఆయన మళ్లీ అదే గట్టు మీదుగా మమ్మల్ని బడికి తీసుకెళ్లాడు. మా చదువు ఆగలేదు. తిరిగి కొట్టి ఉంటే ఆగేది, ఇల్లు కూడా ఉండేది కాదేమో. ఆయనది లొంగుబాటని చెప్పే హక్కు, రైలున్నవాడికి లేదు. ఈ వ్యాసం రాస్తున్న మాకూ లేదు.

అట్లాగని ఓర్చుకోవడమే ధైర్యమని మేం చెప్పడం లేదు. ఆ మాట అనడానికి చాలామంది సిద్ధంగా ఉన్నారు, వాళ్లకు మా మాట ఉపయోగపడగూడదు. 1985 జులైలో కారంచేడులో తాగేనీళ్ల చెరువును పాడుచేయొద్దన్నందుకు కొట్టబోతే, నీళ్లకొచ్చిన మున్నంగి సువార్తమ్మ చేతిలోని బిందె పైకెత్తింది. మర్నాడు 17న ఆరుగురిని చంపారు. ఆమెకు రైలు లేదు, బిళ్ల లేదు, తుపాకి లేదు. ఉన్నది బిందె. ఊరు దాన్ని పొగరన్నది. ఆ తర్వాత చీరాలలో శిబిరం వేసి, ఉద్యమమై నిలబడిన జనం ఆ పొగరనే మాటను తిరగరాశారు. ఒంటరిగా ఎత్తిన బిందె ఒక్క చెయ్యితో నిలవదు, చేతులు మారుతుంది, డుగన్ జాకెట్టులాగా.

కాబట్టి మా మిత్రుడికి మా జవాబు ఇది. విల్ కేన్ కావాలని మమ్మల్ని అడగొద్దు. మాకు కావాల్సింది ఒంటిగాడు కాదు. మన రచయితలకు కూడా ఒక మాట. మన కథల్లో, మన సినిమాల్లో కూడా ఒంటి చేత్తో వందమందిని కొట్టే వీరుణ్ని నిలబెట్టి చప్పట్లు కొట్టించుకుంటున్నాం. ఆ బొమ్మ మనది కాదు, గుర్రమూ తుపాకీ రెండు దారులూ ఉన్నవాడి బొమ్మకు మన రంగు వేస్తున్నాం, అంతే. జీతం ముట్టని సైనికులు, రాసివ్వమన్న కెప్టెన్, తుపాకి అడిగిన తాగుబోతు, దుకాణం అమ్ముకుని రైలెక్కిన స్త్రీ, పళ్లెం పట్టుకుని అన్నీ చూసిన నౌకరు, పదహారేళ్లు మాట మార్చని సాక్షులు. వీళ్ల దగ్గర నుంచి రాయడం మొదలుపెడితే ధైర్యానికి మన నిఘంటువు మనం రాసుకోగలం. అందులో పౌరుషం, పొగరు అని రెండు పేర్లుండవు.